కాలి కింద దాచిన పన్ను ముక్క

ఇప్పలకోన అనే అడవి ఒకటి ఉండేది. ఆ అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, ముళ్లపందులు, జింకలు, కుందేళ్లు కలిసి బతికేవి. అడవి మధ్యలో రాళ్లవాగు పారేది. వాగుకు రెండు వైపులా ఇప్పచెట్లు ఉండేవి.

ఎండలు ముదిరేవేళ ఆ చెట్ల నుంచి ఇప్పపూలు రాలేవి. అవి చాలా తియ్యగా ఉంటాయి. నెల రోజుల పాటు అందరూ వాటినే తినేవారు. తీపి పళ్ల సందుల్లో ఉండిపోతే పళ్లు పుచ్చిపోతాయి. అందుకని ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. తొలకరి వాన పడిన మరునాడు అందరూ మద్దిచెట్టు దగ్గరికి రావాలి. అక్కడ ముక్కన్న అనే ముసలి వడ్రంగిపిట్టకు నోరు తెరిచి చూపించాలి. చెడిపోయిన పన్ను ఉంటే ముక్కన్న ఆ రోజే తీసేసేవాడు. దానికి నోరుచూపు అని పేరు.

ఈ కట్టుబాటు పెట్టింది జుంటమ్మ అనే ఆడ ఎలుగుబంటి. ఆమె ఆ అడవిలో అందరికంటే పెద్దది. నోరుచూపు రోజున మద్దిచెట్టు మొదట్లో కూర్చుని వరస చూసేది. భయపడి పారిపోయే పిల్లలను మెడ పట్టుకుని తెచ్చేది.

"నోరు దాచుకుంటే రోగం దాక్కుంటుందా? తెరువు!" అని గద్దించేది.

జుంటమ్మ ఒక పిల్లిని పెంచుకుంటోంది. ఒక ఏడు వాగు పొంగినప్పుడు టేకు దుంగ పట్టుకుని ఒక పిల్లిపిల్ల కొట్టుకువచ్చింది. జుంటమ్మ నడుము లోతు నీళ్లలోకి దిగి దాన్ని తీసింది. దాని నుదుటి మీద నల్ల చుక్క ఉండేది. అందుకని చుక్కి అని పేరు పెట్టింది. గుహలో ఎండబెట్టిన ఇప్పపూలను ఎలుకలు కొట్టకుండా చుక్కి కాపలా కాసేది. జుంటమ్మను 'అవ్వా' అని పిలిచేది. రోజూ జుంటమ్మ పొట్ట మీదే పడుకునేది.

జుంటమ్మకు చుక్కి అంటే ప్రాణం. అది మంచిదే. కానీ చుక్కిని గురించి నలుగురిలో గొప్పలు చెప్పడం ఆమెకు అలవాటైంది. అది మంచిది కాదు.

ఆ ఏడు పూల కాలం చివర్లో అందరూ వాగు ఒడ్డున చేరారు. గంతన్న అనే కొండముచ్చు ఎండిన కరక్కాయ ఒకటి పళ్ల మధ్య పెట్టి పటుక్కున పగలగొట్టాడు. పిల్లలు కేకలు వేశారు.

జుంటమ్మ మూతి తిప్పింది. "ఇదేం గొప్ప? మా చుక్కి కూడా కొడుతుంది" అంది.

"పెద్దమ్మా, అది పిల్లి. ఎలుక మెడ కొరకమంటే కొరుకుతుంది. కరక్కాయ దానికెందుకు? వదిలెయ్యి" అన్నాడు గంతన్న నవ్వుతూ.

ఆ నవ్వు జుంటమ్మకు నచ్చలేదు. గట్టి కరక్కాయ ఏరి చుక్కి ముందు పడేసింది. "కొట్టు తల్లీ. మన ఇంటి పరువు!"

చుక్కి కరక్కాయను చూసింది. అవ్వ ముఖం చూసింది. కాయను నోట్లో పెట్టుకుని బలమంతా పెట్టి కొరికింది. కాయ పగిలింది. అందరూ కేరింతలు కొట్టారు.

కాయతో పాటు తెల్లటి ముక్క ఒకటి కింద పడింది. అది చుక్కి పైకోర కొన. బియ్యపు గింజంత ఉంది. దాన్ని జుంటమ్మ ఒక్కతే చూసింది. చూసి, ఎవరికీ కనబడకుండా దాని మీద కాలు వేసింది.

ఆ అడుగుతోనే అంతా చెడిపోయింది.

అందరూ వెళ్లిపోయాక ఆమె ఆ ముక్కను తీసి గుహలో రాతి సందులో పెట్టింది. తరువాత చుక్కి నోరు తెరిచి చూసింది. విరిగిన కోర మధ్యలో ఎర్రటి చుక్క కనిపించింది.

"నొప్పిగా ఉందా?"

"లేదవ్వా" అంది చుక్కి. అవ్వ చిన్నబోకూడదని అలా అంది.

"నాకు తెలుసు. నువ్వు గట్టిదానివి" అంటూ జుంటమ్మ ఆ పన్ను మీద తేనె రాసింది. ఎలుగుబంట్లకు అన్నిటికీ తేనే మందు. ముల్లు గుచ్చుకున్నా తేనే, దగ్గొచ్చినా తేనే. పిల్లి నాలుకకు తీపి రుచే తెలియదన్న సంగతి ఆమె ఏనాడూ ఆలోచించలేదు. చుక్కి మాత్రం అవ్వ రాసింది కదా అని కళ్లు మూసుకుని నాకింది.

మర్నాటి నుంచి చుక్కి ఒక పక్కతోనే నమలసాగింది. "సోకులు నేర్చావే!" అంది జుంటమ్మ. నాలుగో రోజు పట్టిన ఎలుకను నోట్లోంచి జారవిడిచింది. "తిండి ఎక్కువై కొవ్వు పట్టింది" అంది జుంటమ్మ. తరువాత చొంగ కారసాగింది. చుక్కి పంజాతో దవడ రుద్దుకునేది. ఒళ్లు నాక్కోవడం మానేసింది. నున్నగా ఉండే బొచ్చు అట్టలు కట్టింది. "ఎండల వల్ల" అంది జుంటమ్మ.

ప్రతిదానికీ ఆమె ఒక కారణం చెప్పుకుంది. అసలు కారణం రాతి సందులో ఉంది. అది ఆమెకు తెలుసు.

ఒకరోజు వాగు అవతల ఉండే సూదమ్మ అనే ముళ్లపంది వచ్చింది. చుక్కిని చూసి ముఖం చిట్లించింది.

"అక్కా, దీని నోరు వాసన వస్తోంది. పన్నేదో చెడింది. పద, ముక్కన్న దగ్గరికి తీసుకుపోదాం."

"ఏమీ కాలేదు. అడుగు దాన్నే."

"దాన్ని అడిగేదేముంది? నువ్వు బాగుందంటే అదీ బాగుందంటుంది. పిల్లి నొప్పిని నోటితో చెప్పదక్కా. తినే తీరు చూడాలి, కూర్చునే తీరు చూడాలి."

"నా ఇంట్లో సంగతి నాకు తెలియదా? అందరికీ నోరుచూపు నేర్పింది నేను. నువ్వు నాకు నేర్పుతావా?"

సూదమ్మ వెనుదిరిగింది. వెళ్తూ వెళ్తూ చుక్కి వైపు చూసింది. చుక్కి తల దించుకుంది.

జుంటమ్మకు సూదమ్మ మీద కోపం లేదు. ఉన్నది భయం. ముక్కన్న నోరు చూస్తే ఎలా విరిగిందని అడుగుతాడు. నలుగురికీ తెలుస్తుంది. గంతన్న నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది.

తొలకరి పడింది. మరునాడు నోరుచూపు. జుంటమ్మ చుక్కిని గుహలోనే వదిలి వచ్చి మద్దిచెట్టు కింద కూర్చుంది.

సూదమ్మ తన కొడుకును తెచ్చింది. వాడి దవడ పన్ను పగిలింది. "ఎలా పగిలింది?" అని ముక్కన్న అడిగాడు.

"నా తప్పేనన్నా. తినే దుంపగడ్డలోని రాయి చూడకుండా పెట్టాను" అంది సూదమ్మ అందరి ముందే.

ఎవరూ నవ్వలేదు. ముక్కన్న పంటి చిగురును సడలించి, పన్నుకు నార కట్టి లాగేశాడు. పిల్లవాడు ఒక్క అరుపు అరిచాడు. పని అయిపోయింది. సాయంత్రానికి వాడు మెత్తటి గడ్డ తింటూ వాగు ఒడ్డున ఆడుకుంటున్నాడు.

"జుంటమ్మా, మీ చుక్కి రాలేదేం?" అని అడిగాడు ముక్కన్న.

గంతన్న పక్కనే కూర్చుని ఉన్నాడు. జుంటమ్మ అతని వైపు చూసింది.

"దానికేం? ఉక్కులాంటి పళ్లు. ఎలుకల వేటకు పోయింది" అంది.

ఆమె పెట్టిన కట్టుబాటును ఆ రోజు అందరూ పాటించారు. ఆమె ఒక్కతే పాటించలేదు.

గుహకు తిరిగి వచ్చేసరికి చుక్కి కంటి కింద వాచి ఉంది. జుంటమ్మ ఆ వాపును పంజాతో తడిమి చూసింది. రేపు తీసుకుపోదాం అనుకుంది. మర్నాడు వాన పడింది. ఆ మర్నాడు వాపు కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఆమెకు అలా అనిపించాలని ఉంది, కాబట్టి అనిపించింది. అలా ఏడు రోజులు గడిచాయి.

ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి పొట్ట మీద చుక్కి లేదు. పిలిచినా పలకలేదు. గుహ చివర ఎండుటాకుల కింద ముడుచుకుని పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. కంటి కింద వాపు పగిలి చీము కారుతోంది. ఆ కన్ను తెరుచుకోవడం లేదు.

"చుక్కీ! నొప్పి అని ఒక్క మాట చెప్పకపోయావా!" అని జుంటమ్మ ఏడ్చింది.

చుక్కి నోరు కదపలేక కదిపింది. "చెబితే నీ పరువు పోతుంది కదవ్వా."

అంటే దానికి అంతా తెలుసు. ఆమె కాలు ఎందుకు వేసిందో కూడా తెలుసు.

జుంటమ్మ రాతి సందులోని ముక్కను తీసుకుంది. చుక్కిని గుండెకు హత్తుకుని వానలో పరుగెత్తింది. రాళ్లవాగు పొంగుతోంది. వెనుక ఒకసారి ఈ వాగులోంచే ఆ ప్రాణాన్ని కాపాడింది. ఇప్పుడు అదే వాగును దాటుతూ, దాన్ని తానే ముంచానని అనుకుంది.

మద్దిచెట్టు దగ్గర ముక్కన్న, సూదమ్మ, గంతన్న ఉన్నారు. జుంటమ్మ ఎవరినీ చూడలేదు. పన్ను ముక్కను ముక్కన్న ముందు పెట్టింది.

"కరక్కాయ నేనే కొట్టించాను. పన్ను విరగడం చూశాను. కాలి కింద దాచాను. నా తప్పుకు నన్ను ఏమన్నా అను. దీన్ని బతికించు."

ముక్కన్న చుక్కి నోట్లోకి తొంగి చూశాడు. తరువాత సూదమ్మ ముల్లుతో చీము తీసి, పన్ను మొదలంటా పెరికాడు. వేపపట్ట కాచిన నీళ్లతో కడిగాడు.

"ప్రాణం నిలుస్తుంది. కన్ను పోయింది" అన్నాడు. "పన్ను విరిగిన రోజే తెచ్చి ఉంటే పన్ను ఒక్కటే పోయేది. నోరుచూపు రోజున తెచ్చినా కన్ను మిగిలేది జుంటమ్మా."

జుంటమ్మ గంతన్న వైపు తిరిగింది. "ఇప్పుడు నవ్వు" అంది.

గంతన్న నవ్వలేదు. అతని కళ్లలో నీళ్లు ఉన్నాయి.

"పెద్దమ్మా, నేను నవ్వుతానని దీన్ని ఇన్నాళ్లు ఇలా ఉంచావా? ఒక్క మాట చెబితే నేనే భుజాన వేసుకుని తెచ్చేవాణ్ణి కదా!"

ఏ నవ్వుకు భయపడి జుంటమ్మ ఇంత చేసిందో, ఆ నవ్వు అసలు లేనే లేదు.

చుక్కి కోలుకునే దాకా మద్దిచెట్టుకు దగ్గరగా ఉన్న సూదమ్మ బొరియలో ఉంది. జుంటమ్మ రోజూ వాగు దాటి వచ్చేది. ఈసారి తేనె తేలేదు. మెత్తటి చేపముక్కలు తెచ్చేది. నెల గడిచేసరికి చుక్కి రెండు వైపులా నమలసాగింది. బొచ్చు మళ్లీ నున్నబడింది.

"ఇంక ఇంటికి పోదామా తల్లీ?" అంటూ జుంటమ్మ ఒకనాడు దాని బుగ్గ నిమరబోయింది.

చుక్కి తల చటుక్కున వెనక్కి లాక్కుంది. తరువాత తానే సిగ్గుపడింది.

"కోపం లేదవ్వా. నిజంగా లేదు. కానీ నీ పంజా దగ్గరికి వస్తే నా దవడ భయపడుతోంది. నేను ఇక్కడే ఉంటాను."

జుంటమ్మ పంజా దించుకుంది. బలవంతం చెయ్యలేదు. పన్ను విరిగిన నాటి నుంచి ఆమె సరిగ్గా చేసిన కొద్ది పనుల్లో అదొకటి.

సూదమ్మ బొరియలో ఎలుకలు లేకుండా పోయాయి. ఆమె దాచుకున్న గడ్డలు ఆ ఏడు ఒక్కటీ పాడవలేదు. ఆమె పిల్లలు ఒంటికంటి పిల్లితో ఆడుకుంటూ పెరిగారు. జుంటమ్మ గుహలో ఎండు ఇప్పపూలను ఎలుకలు తినేశాయి. ఆమె దాన్ని పట్టించుకోలేదు. పొట్ట మీద బరువు లేక ఆమెకు నిద్ర పట్టేది కాదు.

మరుసటి ఏడు నోరుచూపు నాడు జుంటమ్మ చెట్టు మొదట్లో కూర్చోలేదు. వరసలో చివర నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు ముందు తన నోరు తెరిచి చూపించింది. తరువాత గుప్పిట తెరిచి, బియ్యపు గింజంత పన్ను ముక్కను పిల్లలందరికీ చూపించింది.

"ఇది దాచడానికి నాకు ఒక్క అడుగు చాలింది" అంది. "ఆ అడుగును వెనక్కి తీసుకోవడానికి మాత్రం దారి లేదు."

దూరంగా సూదమ్మ పక్కన కూర్చున్న చుక్కి ఒంటికంటితో ఆమెనే చూస్తోంది.

నీతి: మనల్ని నమ్ముకున్న ప్రాణికి మన వల్ల గాయమైతే, మన తప్పును ఆ రోజే ఒప్పుకుని ఆ గాయానికి మందు వేయించాలి. పరువు కోసం దాచిన తప్పుకు శిక్ష ముందుగా పడేది, మనల్ని నమ్మినవారికే.