బాగైనవాడి మంచం

ఒక రాజ్యంలో నలభై మంచాల వైద్యశాల ఉండేది. లోపలికి వచ్చిన ప్రతి రోగి మణికట్టుకూ రాజవైద్యుడు ఎర్రదారం కట్టేవాడు. జబ్బు నయమయ్యాక ఆ దారాన్ని ఆయనే కోయాలి. కోస్తేనే ఇంటికి. దారం ఉన్నంతకాలం మనిషి రోగి కిందే లెక్క, మంచం నిండినట్టే లెక్క.

రాజవైద్యుడు చెడ్డవాడేం కాదు. పొద్దున్నే వచ్చి, అందరికంటే ఎక్కువ బాధపడుతున్నవాడి దగ్గర మొదలుపెట్టేవాడు. తర్వాత కాస్త నయంగా ఉన్నవాడు, ఆ తర్వాత ఇంకాస్త నయంగా ఉన్నవాడు. పూర్తిగా బాగైనవాళ్ల వంతు ఆఖర్న. ఎంత న్యాయంగా ఉందో చూడండి! ఆ ఆఖరు వచ్చేసరికి పొద్దు గూకేది. దీపాలు పెట్టాక ఎవరినీ బయటికి పంపకూడదని ఇంకో ఆనవాయితీ. సరే, రేపు చూద్దాం అని ఆయన ఇంటికి వెళ్లిపోయేవాడు.

కిటికీ పక్క మంచం మీద ఒక కుమ్మరి ఉన్నాడు. జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. గిన్నెడు జావ తాగి, ఇంకా ఉందా అని అడుగుతున్నాడు.

ఐదో రోజు పొద్దున అతనికి గేటు ముందు ఒక బండి కనిపించింది. అందులో ఒక జాలరి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. భార్య అతని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది, తీస్తోంది.

"మంచం లేదమ్మా. ఒకటి ఖాళీ అయితే మీదే," అన్నాడు కాపలావాడు.

"ఎప్పుడవుతుంది బాబూ? మనిషి కాలిపోతున్నాడు."

"అది నా చేతిలో లేదు తల్లీ."

కుమ్మరి పరుగున రాజవైద్యుడి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, నాకు బాగైపోయింది. ఈ దారం కోసెయ్యండి. బయట ఒకాయన ప్రాణం మీదికొచ్చింది."

"ఇక్కడ ఇతని ప్రాణం మీదికొచ్చింది, కనబడటం లేదా?" అన్నాడు రాజవైద్యుడు, ఒక ముసలాయన నాడి వదలకుండానే. "నువ్వు నిక్షేపంగా ఉన్నావు. నీ వంతు వస్తుందిలే, వెళ్లి కూర్చో."

వంతు రాలేదు. పొద్దు గూకింది.

కుమ్మరి కిటికీలోంచి కాపలావాణ్ణి పిలిచాడు. "నేను నేల మీద పడుకుంటానయ్యా. నా మంచం ఆయనకిచ్చెయ్యి."

"నీ చేతికి దారం ఉందిగా. అది నీ మంచమే."

మర్నాడు కుమ్మరికి ఒక ఆలోచన తట్టింది. రాజవైద్యుడు గడపలో అడుగు పెట్టగానే పొట్ట పట్టుకుని కేకలు మొదలుపెట్టాడు. ఆయన అందరినీ వదిలి ముందు అతని దగ్గరికే వచ్చాడు.

"నొప్పీ లేదు, గిప్పీ లేదయ్యా. మీరు రావాలనే అరిచాను. ముందు ఇది కోయండి," అని చెయ్యి చాపాడు కుమ్మరి.

రాజవైద్యుడు అతని కళ్లలోకి చూశాడు. "లేని నొప్పికి అరుస్తున్నాడు. జ్వరం తలకెక్కినట్టుంది," అని రెండో దారం కట్టాడు. ఇంకో మూడు రోజులు కదలనివ్వొద్దన్నాడు. తెలివి మరీ ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

ఆ సాయంత్రం జాలరి నీళ్లు మింగడం మానేశాడు. అతని భార్య ఏడుపు కిటికీ దాకా వినిపించింది. కుమ్మరి చెవులు మూసుకుని తనూ ఏడ్చాడు.

బండి వచ్చిన మూడోనాడు రాజవైద్యుడు నడిచి రాలేదు, పల్లకీలో వచ్చాడు. ఒళ్లు పేలిపోతోంది. కాపలావాడు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"మంచాలు లేవయ్యా."

"నేనురా!"

"తెలుసయ్యా. జ్వరంతో వచ్చినవాళ్లను మంచం లేకుండా లోపలికి వదలొద్దన్నది మీరే. నలభై మందికీ దారాలున్నాయి. కోయాల్సిన మీరేమో బయట ఉన్నారు."

అంతలో కిటికీలోంచి రెండు దారాలున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"అయ్యా, ఇటు! ఇటు రండి!"

బోయీలు పల్లకీని కిటికీ కిందికి తెచ్చారు. రాజవైద్యుడు మొలలోని చిన్న కత్తి తీసి రెండు దారాలూ కోశాడు. అమ్మయ్య, మంచం ఖాళీ అయింది. ఆయన పల్లకీ దిగబోయాడు.

"కాస్త ఆగండయ్యా," అన్నాడు కాపలావాడు. "ఆ బండి మీకంటే ముందొచ్చింది."

రెండు రోజులుగా రాజవైద్యుడు ఆ బండి పక్కనుంచే వెళ్లాడు, వచ్చాడు. చూడటం మాత్రం ఇదే మొదటిసారి. ఈలోగా కుమ్మరి బయటికి పరిగెత్తుకొచ్చి తల వైపు పట్టుకున్నాడు, జాలరి భార్య కాళ్ల వైపు పట్టుకుంది. ఇద్దరూ జాలరిని లోపలికి మోసుకెళ్లారు. అతనికి ఊపిరి ఇంకా ఆడుతోంది.

"మరి నేను?" అన్నాడు రాజవైద్యుడు.

"ఆ బండి వెనక ఇంకో నాలుగు బండ్లున్నాయయ్యా. మీరు ఐదోవారు."

రాజవైద్యుడు గోడ వైపు తిరిగి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని కేకేశాడు. "లోపల బాగైనవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

పక్క కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. దాని పక్కదాంట్లోంచి రెండు. అలా గోడ పొడవునా వస్తూనే ఉన్నాయి. కాపలావాడు లెక్కపెట్టాడు. పంతొమ్మిది.

"నడవండర్రా, నిలబడి చూస్తారేం!" అని రాజవైద్యుడు కత్తి చేతపట్టి బోయీలను కసిరాడు.