అచ్చాయమ్మ ఇంటిమీద చేను

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదు, మూడు వీధులూ ఒక పంటకాలవా, అంతే, అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు దగ్గరికి తీసుకో బుజ్జులూ, దుప్పటి నాక్కూడా చాలాలి. ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఊళ్ళో వరికోతలు అయ్యాయంటే ఒక పండగ చేసుకునేవాళ్ళు. గోడలకి సున్నం, గడపకి పసుపు, గుమ్మానికి బంతిపూల దండ. అరుగు మీద ముగ్గేసి, ముగ్గు మీద పీట వేసి, ఆ పీట మీద ఇంట్లో కాసిన గుమ్మడికాయల్లో పెద్దది కూచోబెట్టేవాళ్ళు. ఇవన్నీ అయ్యాక చూరుకి వరికుచ్చు కట్టేవాళ్ళు. కోతల్లో తొలి కంకులు దాచి, జడ అల్లినట్టు అల్లి, కింద గుత్తిలా వేలాడదీస్తారు చూడు, అదే.

కుచ్చు ఎవరికోసం? పిచ్చుకలకోసం. చేలో పురుగు పడితే ఏరి తిన్నవి అవే కదా. వాటి బాకీ మనం ఉంచుకోకూడదు. అందుకని ముందు పిచ్చుక వచ్చి కుచ్చు పొడవాలి. ఆ తర్వాతే ఆ ఇంట్లో పొయ్యి మీద కొత్త బియ్యం పరమాన్నం ఎక్కాలి, ఆకులు వెయ్యాలి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కుచ్చులో కంకులు సొంత పంటవే అయ్యుండాలి. పక్కింటివి పనికిరావు.

అచ్చాయమ్మ కుచ్చులల్లడంలో చెయ్యి తిరిగిన మనిషి. మూడు పాయలు, ఐదు పాయలు, తొమ్మిది పాయలు, ఏదడిగితే అది అల్లేది. ఊళ్ళో ఎవరింటి కుచ్చయినా ఆవిడ అల్లాల్సిందే. అల్లినందుకు ఇంటికో తవ్వెడు కొత్త బియ్యం కొంగులో పోసేవాళ్ళు. ఆవిడకి మాత్రం సెంటు భూమి లేదు. ఒక గడ్డి కప్పు ఇల్లు, ఒక చాప, వంటకో కుండ, ఒక చట్టి, చూరులో గూళ్ళు పెట్టుకున్న పిచ్చుకలు. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఆవిడ మామూలుగా గంజి వార్చుకుని తినేది.

ఆవిడకి ఒకటే కోరిక. జన్మకోసారి తన చూరుకి తన కుచ్చు వేలాడాలి. తన పిచ్చుకలు తన గింజ తినాలి. గుమ్మంలో కూచుని అది తన కళ్ళతో చూడాలి. అంతే. మేడలు అడగలేదు.

ఒక ఏడు పెద్దింటి కామాయమ్మగారి అరుగు మీద కుచ్చు అల్లుతుంటే నాలుగు కంకులు మిగిలాయి. అచ్చాయమ్మ వాటిని కొంగుచాటున దాచలేదు. ఎదురుగానే అడిగింది.

"అమ్మగారూ, ఈ నాలుగూ పట్టుకెళ్ళి మా చూరుకి కట్టుకోనాండీ?"

"బియ్యం కావాలంటే ఇంకో తవ్వ పట్టుకెళ్ళవే. కంకులొద్దు," అంది కామాయమ్మ. "అరువు కంకి కడితే పెట్టే దణ్ణం కూడా అరువుదే అవుద్ది."

చెడ్డ మనిషేమో అనుకుంటావు, చెడ్డదేం కాదు. నోరు కాస్త పెద్దది. అయినా మాట అన్నవాళ్ళు మర్చిపోతారు గానీ పడ్డవాళ్ళు మర్చిపోరు. అచ్చాయమ్మ ఆ నాలుగు కంకులూ చాటలో పెట్టేసి ఇంటికెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడు వానలు పట్టుకున్నాయి. అచ్చాయమ్మ ఇంటి కప్పు ఒక మూల కారడం మొదలెట్టింది. అప్పుడు ఆవిడ గడ్డిమోపు నెత్తికెత్తుకుని, నిచ్చెన వేసుకుని పైకెక్కింది. ఎక్కి చూస్తే ఏముంది? ఆ మూల కుళ్ళి మెత్తబడ్డ గడ్డిలో జానెడు పొడుగున పచ్చటి మొక్కలు. వరి! ఊరి కుచ్చులన్నీ పొడుచుకుని గూటికొచ్చేటప్పుడు పిచ్చుకలు జారవిడిచిన గింజలు అవి. అక్కడే మొలిచాయి.

ఇప్పుడు ఆ మూల గడ్డి కప్పితే ఇల్లు ఆరుతుంది, వరి చస్తుంది. కప్పకపోతే వరి బతుకుతుంది, ఇల్లు కారుతుంది. ఆవిడ నిచ్చెన మీద చాలాసేపు నిలబడింది. వీపు తడిసిపోయింది. ఆ తర్వాత గడ్డిమోపు కింద పడేసి, దిగొచ్చి, కారే చోట చట్టి పెట్టుకుంది. చాప ఇంకో మూలకి లాక్కుంది.

చేను నేలమీద ఉంటే ఉండే కష్టాలు నీకేం తెలుసు, ఇంటిమీద ఉంటే ఇంకా కష్టం.

మొదట మేక వచ్చింది. పిట్టగోడెక్కి, అక్కణ్ణించి కప్పు మీదికి దూకి, సగం చేను నమిలేసింది. అప్పుడు అచ్చాయమ్మ తుమ్మకంప కొట్టుకొచ్చి గోడ పొడుగునా పరిచింది. చేతులనిండా ముళ్ళే.

ఆ తర్వాత గాలివాన వచ్చింది. కప్పు లేచిపోతానంది. అచ్చాయమ్మ కప్పు మీంచి అడ్డంగా తాడు వేసి, ఆ కొస ఒక రాయికి కట్టి, ఈ కొస తను పట్టుకుని పొద్దస్తమానం వానలో కూచుంది. తాడు వదల్లేదు. కప్పు నిలబడింది.

ఆ తర్వాత మూడోది వచ్చింది. ఏమొచ్చిందనుకున్నావు? పిచ్చుకలే! గింజ పాలుపోసుకునే వేళ వాటికి ఎంతిష్టమో. గుంపుగా వచ్చి వాలేవి. అచ్చాయమ్మ పాత ఎర్రచీర చింపి కర్రకి కట్టింది. కంచం వాయించింది. మట్టిగడ్డలు విసిరింది.

"ఇప్పుడే తినకండే తల్లుల్లారా, మీకోసమే దాస్తున్నానే!" అని అరిచేది.

నవ్వకు. పెద్దవాళ్ళు చేసే పనులు చాలా అలాగే ఉంటాయి. పిచ్చుకలకేం తెలుసు? గూళ్ళు వదిలేసి పెద్దింటి చూరుకి కాపురం మార్చేశాయి.

మొత్తానికి కోతలొచ్చాయి. ఊరివాళ్ళు కొడవళ్ళు పట్టుకుని చేలకి వెళ్ళారు. అచ్చాయమ్మ నిచ్చెనెక్కింది. పదకొండు కంకులు వచ్చాయి. తొమ్మిది పాయలు అల్లే చెయ్యి మూడు పాయలతో సరిపెట్టుకుంది. కుచ్చు గుప్పెడంత ఉంది.

అప్పుడు ఇల్లు చూడాలి! ఎర్రమన్నుతో గోడలు అలికింది. గడపకి పసుపు రాసింది. బంతిపూల దండ గుమ్మానికి కట్టింది. పీట లేదు కదా, వానాకాలమంతా నీళ్ళు పట్టిన ఆ చట్టినే ముగ్గు మీద బోర్లించి, పాదుకి కాసిన ఒకే ఒక్క గుమ్మడికాయ దానిమీద పెట్టింది. కొబ్బరికాయ కన్నా కొంచెం పెద్దది, అంతే. లోపల ఒక అరిటాకు కడిగి పరిచింది.

కామాయమ్మ ఆ దారినే పోతూ ఆగింది. కుచ్చు చూసింది.

"కంకులెక్కడివే?" అంది.

అచ్చాయమ్మ వేలు పైకి చూపించింది. కామాయమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కప్పు మీద వరిదుబ్బులు, కోసిన మోళ్ళు. చెయ్యి దింపింది.

"సొంతవే," అంది.

అంతటితో కథ అయిపోతే బాగుండును. కానీ పిచ్చుక రాలేదు.

మొదటి రోజు రాలేదు. ఊళ్ళో అన్ని చూరులకీ కిచకిచలే, ఆవిడ చూరుకి లేదు. "ఎవరో బెదరగొట్టుంటార్లే," అన్నారు పక్కింటివాళ్ళు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు అచ్చాయమ్మ లోపలికెళ్ళిపోయింది. ఆకు వాడిపోయింది.

అప్పుడు రెండో రోజు ఎర్రగుడ్డ కర్ర పీకేసింది. కొత్త ఆకు పరిచింది. గుమ్మంలో కూచుంది. పిచ్చుకలు వచ్చాయి, ఎదురింటి గోడమీద వాలాయి, ఇటు చూశాయి, ఎగిరిపోయాయి. ఆ ఆకు కూడా వాడిపోయింది.

మూడో రోజు మళ్ళీ ఆకు పరిచింది. గుమ్మంలో కూచుంది. పిచ్చుకలు గోడమీద వాలి మళ్ళీ ఇటే చూశాయి. అప్పుడు ఆవిడకి తెలిసింది. గుడ్డని చూసి కాదు, గడ్డలు విసిరిన మనిషిని చూసి భయపడుతున్నాయి. తను గుమ్మంలో ఉన్నంతసేపూ అవి రావు.

ఏడుపొచ్చిందావిడకి. రాదా మరి? జన్మకోసారి చూడాలనుకున్నది అది. అయినా లేచింది. కుచ్చు వైపు ఒకసారి చూసుకుంది. తిన్నగా కాలవగట్టుకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి కూచుంది.

కామాయమ్మ స్నానానికి కాలవకి వచ్చింది. "పండగపూట ఇక్కడేం కూచున్నావే?"

"నా మొహం కనిపిస్తే పిచ్చుకలు రావటం లేదండీ," అంది అచ్చాయమ్మ.

కామాయమ్మ ముందు నవ్వింది. అచ్చాయమ్మ మొహం చూసి ఆపేసింది. ఆ తర్వాత చెంబు అక్కడే పెట్టి వెనక్కి నడిచింది. ఆవిడ భారీ మనిషి. ఎదురింటి గోడచాటున నిలబడి చూసింది. కాసేపటికి ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది.

"వచ్చినయ్యే! ఒకటి పొడిచిందే!" మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. "రెండే! కాదు, మూడు! ఒకటి తలకిందులుగా వేలాడి మరీ తింటోందే!"

"మీరొకసారి కూచోండమ్మగారూ," అంది అచ్చాయమ్మ. "తిననివ్వండి. మనం కదిలితే ఎగిరిపోతాయి."

అప్పుడు ఇద్దరూ గట్టుమీద పక్కపక్కనే కూచున్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూచున్నారు.

ఆ తర్వాత వెళ్ళి చూస్తే కుచ్చులో ఒక్క గింజ లేదు. ఉత్త గడ్డిజడ వేలాడుతోంది. అచ్చాయమ్మ దాన్ని చూసి నవ్వి, పొయ్యి వెలిగించింది. పరమాన్నం ఉడికేలోపు కామాయమ్మ అరిటాకుని తనే మధ్యకి చీరి రెండు చేసింది.

"అరువు దణ్ణం అన్నాను నిన్ను," అంది. "తప్పు మాటన్నాను."

"ముందు తినండి, చల్లారిపోద్ది," అంది అచ్చాయమ్మ.

ఇంకేముంది, ఇద్దరూ తిన్నారు.

ఆ మూల మాత్రం ఇప్పటికీ గడ్డి కప్పలేదట. వానాకాలం వస్తే కారుతుంది మరి. కారితే ఏం, చట్టి ఉంది కదా. ఏడాదికోసారి దాన్ని బోర్లించి దానిమీద గుమ్మడికాయ పెడుతుంది. పెట్టి, కాలవగట్టుకి వెళ్ళి కూచుంటుంది. పక్కన ఇంకొకళ్ళు కూడా కూచుంటారట.

ఇంక కళ్ళు ముయ్యి.

కంకి కుచ్చుకి, కుచ్చు చూరుకి,
చూరులో గింజ పిచ్చుక నోటికి,
పిచ్చుక గూటికి, పాపాయి నిద్రకి,
కథేమో కంచికి, మనమేమో మనింటికి.