బాతులు తోలిన రాజకుమారుడు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. చాప చాలకపోతే చిన్నవాళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఊ కొట్టడం మాత్రం మానకండి.

అనగనగా ఒక రాజు. పేరు చిత్రభానుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ గడప దగ్గరైనా ఆగి, ముత్తాత బిరుదులు, తాత బిరుదులు, తండ్రి బిరుదులు గట్టిగా చదివి, ఆ తర్వాతే కాలు లోపల పెట్టాలి. వంటింటికి వెళ్ళినా అంతే, స్నానానికి వెళ్ళినా అంతే.

ఒకనాడు ధూమ్రకేశి అనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి రాజుని ఎత్తుకుపోయాడు. కోట కాలిపోయింది. పొద్దున రాజకుమారులుగా లేచినవాళ్ళకి సాయంత్రానికి తలదాచుకునే చోటు లేదు.

"ఏడు సముద్రాల అవతల వాడి దీవి ఉంది. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట," అన్నాడు ముసలి మంత్రి.

తండ్రిని విడిపించాలని ముగ్గురూ మూడు ఓడలెక్కారు. మూడోవాడు మణిధరుడి ఓడ మొదటి సముద్రంలోనే పగిలింది. అలలు వాణ్ణి ఒక ఒడ్డున పడేశాయి. అక్కడ రేలమ్మ అనే పడుచు బాతుల్ని మేపుకుంటూ ఒక్కతే ఉంటోంది. మణిధరుడు తడిబట్టలతోనే ఆమె గుడిసె ముందు నిలబడి బిరుదులు మొదలుపెట్టాడు. ముత్తాతవి అయ్యాయి, తాతవి అవుతున్నాయి.

"అబ్బాయ్, అంతమంది వచ్చారా? నా దగ్గర ఒక్కడికే గంజి ఉంది," అంది రేలమ్మ. "తల వంచి లోపలికి రా. చూరు తగులుతుంది."

ఓడ దొరికేదాకా బాతుల్ని తోలమంది. మొదట వాడు బాతులకి ఆజ్ఞలు వేశాడు. అవి కదల్లేదు. తర్వాత గట్టున కూర్చుని ఏడ్చాడు. అప్పుడూ కదల్లేదు. చివరికి బురదలో దిగి ముందు నడిచాడు. అవి వెనక నడిచాయి. అలా ఏడాది గడిచింది. ఒళ్ళు నల్లబడింది, అరికాళ్ళు పగిలాయి. బిరుదులతో పనే పడలేదు.

ఒకరోజు వలలో చిక్కిన పెద్ద బాతుని విడిపించాడు. అది నోరు తెరిచి, "ఓడ కోసం ఎందుకు చూస్తావు? తెప్ప కట్టు. మేం లాగుతాం," అంది.

"నా బాతుల్ని తిరిగి తీసుకురా," అంది రేలమ్మ.

"మరి నేను రావద్దా?"

"నువ్వు లేకుండా అవెలా వస్తాయి?"

మణిధరుడు తెప్ప కట్టి ఎక్కాడు, బాతులు లాగాయి. ఒక సముద్రం దాటాయి, రెండు దాటాయి, ఏడూ దాటాయి. మాంత్రికుడి గడప ముందు ఇద్దరు అన్నలూ తెరిచిన నోళ్ళతో రాళ్ళై నిలబడి ఉన్నారు. ధూమ్రకేశికి రాజకుమారుడి చేతిలోనే చావు రాసి ఉంది. అందుకని, అక్కడ రాజవంశం పేరు చెప్పినవాడు రాయైపోయేలా మంత్రం వేసి పెట్టాడు.

"ఎవడ్రా అది?" లోపలినుంచి అడిగాడు మాంత్రికుడు.

"బాతులు తోలేవాణ్ణండీ. గుడ్లు కావాలా?"

"తే, తే. కాళ్ళు తుడుచుకుని రా."

మణిధరుడు గుడ్లబుట్ట పట్టుకుని, పెద్ద బాతుతో లోపలికి వెళ్ళాడు. మాంత్రికుడి పక్కన కొయ్య మీద ఒక చిలక కూర్చుని ఉంది. "వాడు మాట్లాడినప్పుడల్లా ఆ చిలక గొంతు కదులుతోంది చూడు," అని గుసగుసలాడింది బాతు. గుడ్లబుట్ట కింద పెట్టి మణిధరుడు చిలక మెడ పట్టుకుని నులిమాడు. అంతే, ధూమ్రకేశి బూడిదయ్యాడు. బయట అన్నలిద్దరికీ ప్రాణం వచ్చి, ఆగిన చోటినుంచి బిరుదులు చదవసాగారు.

చెరసాల తలుపు తెరిస్తే రాజు అడిగాడు, "ఎవరు నాయనా నువ్వు?"

"మీ మూడోవాణ్ణి నాన్నగారూ."

"నా మూడోవాడు ఇలా ఉండడే."

"ఇప్పుడు ఇలాగే ఉన్నాడండీ."

రాజు వాడి వెంట నడిచి తెప్ప ఎక్కాడు. తెప్ప మీద ఒక సముద్రమంతా వాడి ముఖం చూశాడు. రెండో సముద్రమంతా అరికాళ్ళు చూశాడు. మూడో సముద్రంలో పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో," అన్నాడు.

పెద్దవాళ్ళిద్దరూ ఆ తర్వాత ఏ గడప చూసినా బయటే ఆగిపోయేవారు. రాజ్యం తమ్ముడికే వదిలేశారు. మణిధరుడు రేలమ్మని పెళ్ళాడాడు. రోజూ పొద్దున బాతుల్ని తోలి వచ్చి, అప్పుడు సింహాసనం ఎక్కేవాడు. మళ్ళీ కట్టుకున్న కోటంతా బురదేనని కొందరు గొణిగారు. కొన్నాళ్ళకి వాళ్ళకీ అలవాటైంది. అలా చాలాకాలం రాజ్యం చేశారు.

ఇక లేవండి. చాప దులిపి మడతపెట్టండి. మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు, వెళ్ళి అన్నాలు తినండి.