లకుముకిపిట్ట చూపించిన గూడు

అనగనగా, అడవి కాదర్రా, ఒక పెద్ద చెరువు. చుట్టూ చిత్తడి నేల, నడుమ దట్టంగా తుంగ. పక్షుల కోసమే ఆ చోటును కాపాడేవారు. మనుషులు పడవల్లో వచ్చి, బైనాక్యులర్లతో పిట్టల్ని చూసి మురిసిపోయేవారు. పిట్టలు గుడ్లు పెట్టే తుంగ దగ్గర మాత్రం ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతారు. పడవలు వాటిని దాటకూడదు.

ఆ తుంగలో బుడబుంగ అనే నీటిపిట్ట ఒకటి నీటి మీద తేలే గూడు కట్టి, నాలుగు గుడ్లు పెట్టింది. మేతకు వెళ్ళేటప్పుడల్లా గుడ్ల మీద నాచు కప్పి వెళ్ళేది. ఆ గూడు ఎక్కడుందో దాని స్నేహితురాలు లకుముకిపిట్టకు ఒక్కదానికే తెలుసు.

"చెల్లీ, గుడ్డులోంచి చిన్న చప్పుడు వినిపించిందే! రేపో ఎల్లుండో పిల్లలొస్తారు. ఎవరికీ చెప్పకేం" అంది బుడబుంగ.

"చెప్తానా అక్కా!" అంది లకుముకిపిట్ట.

మర్నాడు హైమవతి అనే టీచరు పడవలో వచ్చింది. లకుముకిపిట్ట నీలిరెక్కలు విప్పి ఎగిరింది. "అబ్బ, ఎంత రంగు!" అంది టీచరు. పిట్ట బుడుంగున మునిగి చేపను పట్టింది. "భలే!" అంది టీచరు. ఇంతలో గూడబాతుల గుంపు వచ్చి వాలింది. టీచరు అటు తిరిగిపోయింది.

లకుముకిపిట్టకు మనసు చివుక్కుమంది. పడవ అంచున వాలి, "టీచరుగారూ, మీరెప్పుడూ చూడనిది చూపిస్తాను. బుడబుంగ గూడు! నా వెనకే రండి" అంది.

"కర్రలు దాటకూడదమ్మా. పిట్టలు బెదురుతాయి" అన్నాడు పడవ నడిపే భద్రయ్య.

"ఒక్క నిమిషమే భద్రయ్యా. చూసి వచ్చేద్దాం" అంది టీచరు.

భద్రయ్య కాదనలేకపోయాడు. పడవ తుంగను చీల్చుకుంటూ గూటి ముందుకు వచ్చింది. బుడబుంగ హడలిపోయి నీళ్ళలో మునిగింది. గుడ్లకు నాచు కప్పడానికైనా వ్యవధి లేదు.

ఒక్క నిమిషం కాస్తా గంటయింది. మిట్టమధ్యాహ్నం. వానలు మొహం చాటేసిన రోజులు. నాచు కప్పని గుడ్ల మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. తల్లి తుంగ మొదట్లో ముక్కు మాత్రం పైకి పెట్టి, పడవ ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ ఉండిపోయింది.

పడవ వెళ్ళాక గబగబా వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు లకుముకిపిట్టను పిలిచింది.

"చెల్లీ, నాకు చెవులు సరిగ్గా వినిపించడం లేదేమో. నువ్వు విని చెప్పు."

లకుముకిపిట్ట చెవి ఆనించి వింది. ఏ చప్పుడూ లేదు.

"అక్కా, ఆ పడవను తెచ్చింది నేనే. అందరూ నన్నే మెచ్చుకోవాలనుకున్నాను" అని భోరున ఏడ్చింది.

బుడబుంగ తిట్టలేదు.

"నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే" అంది.

తర్వాత మెల్లగా గూడు దిగి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. లకుముకిపిట్ట "అక్కా, అక్కా" అని ఎంత పిలిచినా వెనక్కి తిరిగి చూడలేదు.

నీతి: నమ్మి చెప్పిన మాటను మెప్పు కోసం బయటపెట్టకండి. తర్వాత ఎంత ఏడ్చినా పోయినవి తిరిగి రావు.