నిలువురాయని ముందు వంగరాదు

నిలువురాయవరంలో గుడి గడప దాటగానే రాతిమీద చెక్కిన హెచ్చరిక కనబడుతుంది: "సాష్టాంగం చేయరాదు. నిలబడి చెప్పుకొనవలెను." అయినా పడేవారు పడుతూనే ఉంటారు. "లేవండమ్మా, లేవండయ్యా" అని అరిచి అరిచి అర్చకుల గొంతులు పోయాయి. ఇక్కడి స్వామి నిలువురాయని కుడిచేయి అభయహస్తం కాదు, నుదురు కొట్టుకుంటున్న చేయి. ఆ కథ భక్తులు తెలుసుకోదగినది.

పూర్వం ఈ సీమను కొమ్మభూపాలుడు ఏలేవాడు. పట్టాభిషేకమైన ఏడాదే ఆయన వెట్టిచాకిరి రద్దు చేసి, ఊరూరా చాటించమన్నాడు. ఆపై మూడేళ్లు పల్లెలు తిరుగుతూ "ఏమైనా లోటుందా?" అని అడిగాడు. అడిగినచోటల్లా జనం బోర్లా పడి, "తమ దయవల్ల చల్లగా ఉన్నాం ప్రభూ" అనేవారు. ఆయనకు వీపులే తప్ప ముఖాలు కనిపించేవి కావు. వీళ్లను అడిగేకన్నా గోడనడగడం నయమని విసుక్కునేవాడు.

ఒకనాడు ఈ ఊరి ఏటిరేవులో అందరూ సాగిలపడగా ఒక బాలింత మాత్రం నిలబడే ఉంది. ఆమె కుమ్మరి పోలమ్మ. తలమీద రెండు నీళ్లకుండల దొంతర, వంగితే పగులుతాయి.

"ఎవరింటికమ్మా ఈ నీళ్లు?" అన్నాడు రాజు.

"అధికారిగారింటికి దొరా. వెట్టినీళ్లు. పొద్దుటినించి ఇది ఏడో తడవ. ఇంటికాడ పసిది పాలకేడుత్తాంది, పోనీయట్లేదు."

"వెట్టి తీసేసి మూడేళ్లయింది కదమ్మా!"

"తీసేశారా? మాకెవురూ చెప్పలేదే!"

చాటింపు వేయించవలసినవాడూ, నీళ్లు మోయించుకునేవాడూ ఒకడే. రాజుకు ఒళ్లు మండిపోయింది. కుండలు తానే దించి, అక్కడే సాగిలపడి ఉన్న అధికారిని లేపి అతని నెత్తికెత్తాడు, పోలమ్మను బిడ్డ దగ్గరకు పంపాడు. ఇకమీదట తన ముందు ఎవరూ వంగరాదని, నిలబడి లోటు చెప్పాలని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. ఆ మాటకు జనం ఆనందం పట్టలేక మళ్లీ బోర్లా పడ్డారు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది. కొమ్మభూపాలుడు నుదురు కొట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లు అదే వరస. ఒక ఊళ్లో వెట్టి మాన్పిస్తే మరో ఊళ్లో మొలిచేది, చెప్పేవారు మాత్రం లేరు. తనకు గుడి కట్టవద్దని కూడా చెప్పి ఆయన కన్నుమూశాడు. ఆ మాట ఎంతవరకు సాగిందో మీరిప్పుడు నిలుచున్నచోటే తెలుస్తుంది.

పాడెను ఈ రేవుకే తెచ్చారు. ముసలిదైన పోలమ్మ దాని ముందు నిటారుగా నిలబడి, "దొరా, దిగువపల్లెలో ఇంకా వెట్టికట్టెలు మోయిత్తన్నారు" అంది. ఆమె వెనుక ఒకడు, వాడి వెనుక మరొకడు నిలబడి చెప్పుకొన్నారు. యువరాజు ఒక్కొక్కటీ విని, ఊరూరికీ అక్కడికక్కడే మనుషులను పంపాడు. పాడె లేచేసరికి పొద్దు వాలింది.

"ఆయన బతికుండగా ఒక్కరోజు ఇలా చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేదయ్యా!" అని యువరాజు బావురుమన్నాడు.

నేటికీ ఆయన పోయిన మాఘ బహుళ ఏకాదశినాడు చివరి మనిషి గోడు ముగిసేదాకా స్వామి పల్లకి కదలదు. ఊరి పెద్దలు, అధికారులు నిలబడి వినితీరాలి. అలా చెప్పుకొన్నవారి పని ఏడాది తిరక్కుండానే తీరుతుందని నమ్మకం. "ఇంకెవరైనా మిగిలారా?" అని బోయీలు మూడుసార్లు అడుగుతారు. భుజాలు ఎంత నొప్పెట్టినా, ఒక్క గొంతు వినిపిస్తే పల్లకి మళ్లీ దించుతారు.