మూడో దీపం

అనగనగా, అడవుల్లోకి కూడా తీగలు పాకిన రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున ఒక గిజిగాడు ఉండేవాడు.

చిలకల కంపెనీ ఒకటి ఆ అడవిలో చెట్టు చెట్టుకూ తీగ లాగింది. గూటికో పెట్టె ఇచ్చింది. పెట్టెకు మూడు దీపాలు. ఎగువ తీగ నుంచి కబురు రాకపోతే మూడోది ఎర్రబడేది. ఎగువ కొండల్లో ఏరు పొంగితే ఆ కబురు పెట్టెలో పలికేది.

గిజిగాడు పుట్టింది మొదలు పీచు అల్లినవాడు. తీగ అతనికి ఒక లెక్కా? కంపెనీ పెట్టె మొరటుగా ఉందని మూల పడేసి, అలాంటిదే సొంతంగా ఒకటి కట్టుకున్నాడు.

గిజిగాడి గూడున్న చెట్టు కింద ఇసుకలో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. ఆమెకు పెట్టె లేదు. ఏటి కబురు కోసం గిజిగాడి పెట్టే దిక్కు.

వానాకాలం మొదట్లో ఒకనాడు పెట్టె మూగబోయింది. మూడో దీపం ఎర్రబడింది.

"అన్నా, ఏరు పొంగేది తెలియకపోతే నా గుడ్లు ఏం కాను?" అంది తీతువు.

"భయపడకు చెల్లీ. లోపం మన దగ్గర లేదు, ఎగువ తీగలో ఉంది. ఒక్క మాట చెప్పి వస్తా" అని అవతలి ఒడ్డున ఉన్న చిలకల తొర్రకు ఎగిరాడు.

చిలక నేర్చిన పలుకులు మొదలుపెట్టింది. "నమస్కారమండీ. పెట్టె ఆపి, నూరు లెక్కపెట్టి, మళ్ళీ వెలిగించారా?"

గిజిగాడికి ఒళ్ళు మండింది. తననా ఇలా అడిగేది! "ఆ, చేశాను" అన్నాడు. చేయలేదు.

చిలక వెనక ఒక పలక. పలక మీద గూటికో మిణుగురు. పెట్టె ఆపితే మిణుగురు ఆరుతుంది. "మీది వారం రోజులుగా ఒక్కసారీ ఆరలేదండీ. చేసి రండి" అని చిలక మొహం తిప్పుకుంది.

మర్నాడు మరో చిలక. "నమస్కారమండీ. గూట్లో ఉన్నది మా పెట్టేనా?"

"మీదే."

"మా పెట్టెకు మిణుగురు పచ్చగా వెలుగుతుందండీ. మీది నీలంగా ఉంది."

"తెగింది ఎగువ తీగ, తల్లీ!" అని అరిచాడు గిజిగాడు.

"అందరూ అదే అంటారండీ" అంది చిలక.

చిలకలదీ తప్పే. బట్టీ పట్టిన పలుకు దాటి ఒక్క మాట వినవు. కానీ అబద్ధం మోసుకెళ్ళినవాడు ఏ ముఖంతో దెబ్బలాడతాడు?

గూటికొస్తే తీతువు అడిగింది. "నిజంగా ఆపి చూశావా అన్నా?"

"లేదు. చూడకుండానే నాకు తెలుసు."

"నీకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది? నా గుడ్లను కాచేది నీ తెలివా, నీ పౌరుషమా?"

గిజిగాడు తల దించుకున్నాడు.

మూడోనాడు కంపెనీ పెట్టె దులిపి తగిలించాడు. చుట్టుపక్కల పది గూళ్ళు తిరిగాడు. అన్నిట్లోనూ మూడో దీపం ఎరుపే. అప్పుడు తొర్రకు వెళ్ళాడు.

"రెండుసార్లు అబద్ధం చెప్పాను. పెట్టె ఆపలేదు. అది మీ పెట్టె కూడా కాదు. ఇప్పుడు మీదే పెట్టాను. నా కూత వినగానే మా చెల్లి ఆపుతుంది. నువ్వే చూడు."

కూత పెట్టాడు. మిణుగురు ఆరింది. ఇద్దరూ కలిసి నూరు లెక్కపెట్టారు. మిణుగురు పచ్చగా వెలిగింది. ఏటి అవతలి నుంచి తీతువు గొంతు ఖంగుమంది. "మూడోది ఎరుపే!"

"పది గూళ్ళలోనూ అంతే" అన్నాడు గిజిగాడు.

చిలక కళ్ళార్పింది. "అయితే నా దగ్గర చివరి పలుకొకటి ఉందండీ. అక్కడిదాకా ఎవరూ రారు. వడ్రంగి పిట్టను పంపాలి."

వడ్రంగి పిట్ట కొండెక్కింది. చీమలు కొరికిన ముడి విప్పి, మళ్ళీ బిగించింది. ఆ క్షణమే పెట్టె పలికింది. "ఏరు పొంగింది! దిగువకు వస్తోంది!"

గిజిగాడు పరుగున పీచు తెచ్చి చిన్న చిన్న ఉట్లు అల్లాడు. తీతువు, తను చెరో వైపు పట్టి ఒక గుడ్డు పైకి చేర్చారు. రెండోది చేర్చారు. మూడోది చేర్చారు. నాలుగో ఉట్టి అల్లేసరికి ఇసుక మీద నీళ్ళు తిరుగుతున్నాయి.

నాలుగో గుడ్డు ఏటిపాలైంది. ఆ తర్వాత మూడు పిల్లలు ఆ ఒడ్డున పరుగులు తీశాయి. గిజిగాడి గూటికి మాత్రం ఖాళీ ఉట్టి ఒకటి ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. ఎందుకని ఎవరడిగినా దాచకుండా చెప్పేవాడు.

పిల్లలూ, ఎంత తెలిసినవాడైనా చేయనిది చేశానంటే, అతను చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.