రాజుగారి నోట తాంబూలం

కొండలకూ ఏటికీ నడుమ ఒదిగిన ఒకానొక చిన్న రాజ్యాన్ని, కుందవరం కోటలో కూర్చుని, జయభూపతి అనే రాజుగారు ఏలుతుండేవారు. రాజ్యం చిన్నదే గాని రాజుగారి నోరు పెద్దది. చెడ్డమాట ఆడే నోరు కాదు. ఎవరి మాటైనా తానే ఆడే నోరు. వైద్యుడు వచ్చి సేనాపతిని నొప్పి ఎక్కడని అడిగితే, మోకాల్లోనని రాజుగారు చెప్పేవారు. నొప్పి భుజంలో ఉన్నా సేనాపతి మోకాలికే తైలం రాయించుకుని వెళ్ళిపోయేవాడు. తనకు తెలియని సంగతి తన రాజ్యంలో ఉండదని రాజుగారి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయన కుడిపక్కన బొప్పన నిలబడేవాడు. వెండి పెట్టెలోంచి తమలపాకు తీసి, సున్నమూ వక్కా యాలకీ పచ్చకర్పూరమూ వేసి, చిలక చుట్టి రాజుగారికి అందించడం అతని పని. దాన్ని అడపం కొలువు అనేవారు. మనిషి సన్నం, మాట మెత్తన, చూపు మాత్రం చురుకు. నవ్వించవలసి వస్తే సభకు మొదట గుర్తొచ్చేది అతనే.

ఆ కొలువులో తాంబూలానికి ఒక కట్టడి ఉండేది. ఒకప్పుడు ఎవరో పండితుడు ఆకు నములుతూనే రాజుగారిని పొగడబోగా, ఎర్రని తుంపర ఒకటి వచ్చి రాజుగారి తెల్లపట్టు ఉత్తరీయం మీద పడింది. తాంబూలం నోట ఉండగా సభలో ఎవరూ పెదవి విప్పరాదని ఆ పూటే ఆజ్ఞ అయింది. ఈ కట్టడి మాకు కూడా వర్తిస్తుందని రాజుగారు చివర ఒక మాట చేర్చి, దాన్ని రాతిమీద చెక్కించి కోటవాకిట నిలబెట్టించారు. ఆ చివరి మాట తన గొప్పతనానికి గుర్తని ఆయనకు మహా గర్వం.

రాకుమారి విమలాంబకు మూడో ఏడు నడుస్తోంది. తల్లి పోయి ఏడాది కాలేదు. ఒకనాడు బొమ్మలవాడు కొలువుకు వచ్చి, పరిచిన గుడ్డమీద బొమ్మలు నిలబెట్టి, ఏది కావాలి తల్లీ అని అడిగాడు. పిల్ల చెయ్యి మట్టి ఎద్దు వైపు సాగింది. ఇంతలో రాజుగారు, మా అమ్మాయికి నెమలంటే ప్రాణమని చెప్పేశారు. సాగిన చెయ్యి గాలిలో ఆగి, మెల్లగా వెనక్కి వచ్చి, పావడా మడతల్లో దాక్కుంది. నెమలిని తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆ పిల్ల దానివైపు చూడనైనా లేదు.

దాక్కున్న ఆ చేతిని బొప్పన చూశాడు. ఇంట్లో అతనికీ ఆ ఈడు కూతురే ఉంది, మాచమ అని. ఆ ఉదయమే ఆ పిల్ల పాలచెంబు తానే వంచుకుంటానని పేచీపెట్టి నేలంతా పాలు చేసింది. బొప్పన కసిరి వచ్చాడు. ఇప్పుడు రాకుమారి ముడుచుకున్న వేళ్ళు చూస్తుంటే, నేలపాలైన ఆ పాలు అతనికి ఎంతో శుభంగా తోచాయి.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. వారసులకు పట్టం కట్టేముందు సామంతులు నిండుసభలో ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు వారసుల సొంత నోటినుంచి రావాలి. రాకపోతే పట్టం దాయాదుల ఇంటికి వెళ్ళిపోతుంది. విమలాంబ తప్ప రాజుగారికి వేరే సంతానం లేదు. చెయ్యి వెనక్కి తీసుకోవడం నేర్చిన పిల్ల రేపు మాటను కూడా అలాగే వెనక్కి తీసుకోదా అని బొప్పన చాలాసేపు ఆలోచించాడు. నోరు మూసుకోమని రాజుతో చెప్పిన మనిషి తల ఎక్కడ ఉంటుందో కూడా ఆలోచించాడు. ఆలోచించి, మరునాడు వక్క కొంచెం పెద్దది వేశాడు.

పూలు తెచ్చిన ముసలమ్మ రాకుమారి గడ్డం పట్టుకుని పేరేమిటని అడిగే వేళకు, బొప్పన అందించిన చిలక రాజుగారి నోట్లో ఉంది. రాజుగారి కనుబొమలు లేచాయి, బుగ్గలు కదిలాయి, మాట మాత్రం రాలేదు. పిల్ల తండ్రి వంక చూసి కాసేపు ఎదురుచూసింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి, చీమకు వినబడేటంత గొంతుతో, "విమల" అంది. ముసలమ్మ నవ్వి మంచి పూవు తీసి జడలో పెట్టింది. అది మొదలు.

ఏళ్ళు గడిచాయి. పిల్ల పెరిగే కొద్దీ ప్రశ్నలు పెద్దవయ్యాయి, ప్రశ్నలతో పాటు చిలకలూ పెద్దవయ్యాయి. ఎవరైనా రాకుమారిని ఏదైనా అడగబోతున్నారని పసిగట్టడంలో బొప్పన ఎంత ఆరితేరాడంటే, అడిగేవాడు గొంతు సవరించుకునే లోపలే చిలక రాజుగారి పెదవుల దగ్గర ఉండేది. ఏడేళ్ళప్పుడు గుర్రాలు మచ్చిక చేసే అతను, అమ్మాయిగారూ, ఎక్కుతారా అని అడిగాడు. రాజుగారు మా అమ్మాయికి భయమని చెప్పాలని తహతహలాడారు గాని నోట ఆకు నిండుగా ఉంది.

"భయంగానే ఉంది. అయినా ఎక్కుతాను" అంది విమలాంబ.

తన పిల్లకు భయమని రాజుగారికి తెలుసు. భయం ఉండగానే ఎక్కుతుందని ఆయనకు తెలియదు. ఆ సంగతి నమలడానికి ఆయనకు వక్క నమిలినంత సేపూ పట్టింది.

అయితే పన్నెండు దాటాక బొప్పన లెక్క తప్పింది. రాకుమారి మళ్ళీ మూగబోయింది. దాసీల గుసగుసలు, అద్దంలో రోజుకొక తీరుగా కనిపించే తన ముఖం, నడిచినా నవ్వినా ఎవరో చూస్తున్నారన్న బెదురు, వీటన్నిటి మధ్య ఆమె మాట సన్నబడి సన్నబడి ఆగిపోయింది. రాజుగారి నోట తాంబూలం ఉంది, ఎదుట ప్రశ్న ఉంది, జవాబు మాత్రం లేదు. బొప్పన చిలకను ఇంకా పెంచి చూశాడు. లాభం లేకపోయింది.

కొన్నాళ్ళు గమనించగా అతనికి ఒక విషయం తట్టింది. నోరు నిండగానే రాజుగారు మొహం కిటికీ వైపు తిప్పుకునేవారు. మాట్లాడే అవకాశం లేని చోట వినవలసిన పనేముందని కాబోలు. చిన్నప్పుడు ఆ పిల్లకు తండ్రి ఊరుకుంటే చాలింది. ఇప్పుడు ఊరుకోవడం ఒక్కటే చాలదు. ఊరుకున్న ముఖం తనవైపు ఉండాలి. ఇది అర్థమయ్యాక బొప్పన చేసింది చాలా చిన్న పని. తాంబూలం ఉమిసే ఇత్తడి తమ్మపడిగను కిటికీ పక్కనుంచి తీసి, రాకుమారి ఆసనం పక్కన పెట్టాడు. ఇక రాజుగారు నోరు తేలిక చేసుకోవాలంటే కూతురి వైపు తిరగక తప్పలేదు. తిరిగినప్పుడు ఆమె ముఖం కనిపించేది. ముఖం కనిపించాక ఆయన చూపు అక్కడే కాసేపు ఆగేది. తండ్రి కళ్ళు తనమీద నిలిచిన ఆ కాసేపట్లో, మొదట ఒక మాట, మరునాడు రెండు, ఆ పిల్ల మళ్ళీ మాట్లాడసాగింది.

ఏటిగట్టు సంతకు తండ్రితో కలిసి వెళ్ళినప్పుడు ఆమె పల్లకి దిగి, ఆవులు తోలుకొచ్చిన ఆడమనిషితో ఎండ చల్లబడేదాకా మాట్లాడింది. రాజుగారు పక్కనే నిలబడి నమిలారు.

పదహారో ఏడు వచ్చింది. సామంతులు ప్రశ్న అడిగే సభకు రోజు కుదిరింది. ఆ ఉదయం రాజుగారు బొప్పనను పిలిచి, ప్రశ్న ముగిసేదాకా ఈవేళ మాకు తాంబూలం వద్దని గట్టిగా చెప్పారు. అమ్మాయి తడబడేటట్టుంటే తానే అందుకుంటానన్నారు. ఆమె మనసులో ఉన్నది తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని కూడా అన్నారు. బొప్పన చిత్తమని తల వంచాడు. అతని గుండె మాత్రం పెట్టెలో వక్కలా కొట్టుకుంది. తండ్రి ఒక్క మాట అందించినా ఆ పిల్లకు పట్టం దక్కదు. ఇన్నేళ్ళ తాంబూలమూ వృథా.

సభ నిండింది. ఈ చివర రాకుమారి, ఆ చివర సామంతులు. వాళ్ళలో పెద్దవాడు దేవయ నాయకుడు కర్ర ఆనించుకుని లేచాడు. ప్రశ్నకు ముందు రాజుకు తాంబూలమిచ్చి అనుమతి పుచ్చుకోవడం తాతలనాటి మర్యాద అని, ఈమధ్య ఎవరూ దాన్ని పాటించడం లేదని, ఆ సంగతి తనకు ఇందాకనే ఎవరో గుర్తుచేశారని చెప్పి, ఉత్తరీయం చాటునుంచి ఒక చిలక తీసి రాజుగారికి అందించాడు. సామంతుడిచ్చిన తాంబూలం కాదంటే అతనితో కయ్యానికి దిగినట్టే. రాజుగారు పుచ్చుకున్నారు. దాని బరువు చేతికి తగలగానే అది ఎవరు చుట్టిందో ఆయనకు తెలిసిపోయింది. బొప్పన వైపు ఒక్క చూపు చూసి నోట్లో వేసుకున్నారు.

"అమ్మా," అన్నాడు దేవయ నాయకుడు, "పట్టం కట్టుకున్నాక మీ తండ్రిగారు చేసినవాటిలో దేన్ని మారుస్తారు?"

ఏమీ మార్చనంటే ఆమెకు సొంత ఆలోచన లేదని తేలుతుంది. మారుస్తానంటే తండ్రి తప్పు పదిమందిలో చెప్పాలి. రాజుగారి దవడ గిరగిరా తిరిగింది. బొప్పన కళ్ళు దించుకున్నాడు.

విమలాంబ తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖం తనవైపే ఉంది.

"సంతను తిరిగి ఏటిగట్టుకు పంపుతాను" అంది. "నిరుడు నాన్నగారు దాన్ని కోటవాకిటికి తెప్పించారు. మేడమీంచి చూడటానికి అందంగా ఉంటుంది. కాని ఇక్కడ పశువులకు నీళ్ళు లేవు. సంత ముగిసేలోగా దూడలు సొమ్మసిల్లుతున్నాయి. నాన్నగారు నన్ను ఎంతో ప్రేమగా పెంచారు. ఈ విషయంలో మాత్రం పొరబడ్డారు."

దేవయ నాయకుడు కర్ర నేలకు తాటించాడు. సామంతులందరూ తాటించారు. పట్టం ఆమెకే అని దాని అర్థం.

రాజుగారు తమ్మపడిగ దాకా వెళ్ళి నోరు తేలిక చేసుకుని, నింపాదిగా తిరిగివచ్చి సింహాసనం మీద కూర్చున్నారు. పన్నీటితో పెదవులు తుడుచుకున్నారు. చిన్నప్పటి పూలముసలమ్మ దగ్గరనుంచి తమ్మపడిగ జరగడం దాకా అన్నీ ఆయనకు ఒక్కటొక్కటిగా అర్థమయ్యాయి.

"బొప్పనా, ఇన్నేళ్ళూ నా నోరు కట్టేశావు. రాజు నోరు కట్టినవాడికి ఏ శిక్ష తగును?"

బొప్పన చేతులు జోడించాడు. "ప్రభూ, తమరు నోరు తెరవనిదే నేను ఏనాడూ పెట్టలేదు. ఇన్నేళ్ళలో వద్దని సెలవిచ్చింది ఈవేళ ఒక్కసారే. ఈవేళ నేనివ్వలేదు."

సభలో నవ్వు పొంగి, రాజుగారి ముఖం చూసి అణిగింది. అప్పుడు దేవయ నాయకుడు, ఫిర్యాదు చేసినవారే తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక యువరాణిగారే చెప్పాలన్నాడు. అందరి తలలూ విమలాంబ వైపు తిరిగాయి. రాజుగారు ఆత్రంగా ముందుకు వంగారు. ఏ శిక్ష వేయాలో ఆయన పెదవుల చివరి వరకూ వచ్చింది. పెదవులు విడివడ్డాయి కూడా.

అక్కడ ఆగారు. కూతురి ముఖం చూశారు. చూసి, మెల్లగా చెయ్యి చాచి, బొప్పన చేతిలోని పెట్టె మూత తానే తీసి, ఉన్నవాటిలో పెద్ద చిలకను ఏరి తానే నోట్లో వేసుకున్నారు.

కొలువులో ఇన్నేళ్ళూ నవ్వించిన బొప్పనకు ఆ క్షణాన కళ్ళు చెమ్మగిల్లాయి.

"బొప్పన తప్పు చేశాడు" అంది విమలాంబ. "చేసింది నాకోసమైనా, నాన్నగారికి చెప్పకుండా చేశాడు. అందుకు శిక్ష ఇది. ఇకమీదట అతను తాంబూలం చేతికి అందించకూడదు. పళ్ళెంలో పెట్టి పక్కన ఉంచాలి. ఎప్పుడు వేసుకోవాలో నాన్నగారికి తెలుసు."

రాజుగారు నవ్వారు. నోట తాంబూలం ఉందని మరిచిపోయి, ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. తెల్లపట్టు ఉత్తరీయం నిండా ఎర్రని చుక్కలు పడ్డాయి. ఆయన దాన్ని దులుపుకోలేదు సరికదా, గొప్ప పతకమేదో దొరికినట్టు ఆ మరకలను అందరికీ కనిపించేలా భుజాన సర్దుకున్నారు.

నవ్వు ఆగాక నోరు తేలిక చేసుకుని బొప్పనకు పట్టుబట్టలూ కడియాలూ ఇప్పించారు. అంతటితో ఊరుకోక, పళ్ళేలు పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డ అతని కూతురు మాచమను దగ్గరికి పిలిచి, నీకేం కావాలమ్మా అని అడిగారు.

"దానికేముంది ప్రభూ," అన్నాడు బొప్పన చనువుగా, "నా తరవాత ఈ అడపం కొలువు దానికి దయచేస్తే—"

మాట పూర్తికాలేదు. రాజుగారు పెట్టెలోంచి చిలక తీసి బొప్పన నోట్లో పెట్టేశారు. సభ ఘొల్లుమంది. దేవయ నాయకుడు కర్ర జారవిడిచి మరీ నవ్వాడు. రాజుగారు తన గెలుపును కళ్ళతోనే ఆస్వాదిస్తూ, కోటవాకిట చెక్కించిన కట్టడి ఉన్న దిక్కుకు వేలు చూపించారు.

మాచమ తండ్రిని చూసి నవ్వు ఆపుకుంది. "నాకు ఆకు వాసన పడదు ప్రభూ" అంది. "చిన్నప్పటినుంచీ పడదు. నాన్న నొచ్చుకుంటాడని చెప్పలేదు. నాకు గుర్రాలు మచ్చిక చేయడం నేర్చుకోవాలని ఉంది. గుర్రపుసాలలో చోటిప్పించండి."

బొప్పన నోట మాట ఉన్నా కట్టడి దాటి బయటికి రాదు. ఆకులు తుడుస్తూ తన పక్కన కూర్చున్న ఆ పిల్ల ముక్కు చిట్లించడం అతను ఎన్నిసార్లు చూసీ పట్టించుకోలేదో ఇప్పుడు గుర్తుకు వచ్చింది. ఊళ్ళో అందరి మాటా అందరికంటే ముందు పసిగట్టిన తనకు ఇంటి మాట వినబడలేదు. సిగ్గు వేసింది. ఆ వెనకనే, నిండుసభలో రాజు ఎదుట తడబడకుండా నిలబడ్డ ఆ పిల్ల తన పిల్లేనన్న గర్వం వచ్చి ఆ సిగ్గును పక్కకు నెట్టింది.

అలాగేనమ్మా అని రాజుగారు మాట ఇచ్చారు. మాచమ ఏ గుర్రమంటే తనకు ఇష్టమో చెప్పడం మొదలుపెట్టింది. బొప్పన చుట్టిన చిలక గనుక చాలాసేపటికి గాని అరగలేదు. అంతసేపూ అతను కిటికీ వైపు చూడలేదు, తమ్మపడిగ కోసం వెతకలేదు. కూతురి వైపు తిరిగి, నెమ్మదిగా నములుతూ వింటూ నిలబడ్డాడు.